రెక్కల వెనక పక్క

నాయన రాసిన కార్డు కడపలో మా ట్రైనింగు స్కూలు హాస్టలుకు చేరేసరికి నాలుగు దినాలు పట్టింది. మొదటి పంక్తులన్నీ నూలు గురించి. డిపోలో ఈ నెల కూడా ముతక నూలే ఇచ్చినారని, రెండు మగ్గాలు ఊరికే ఉన్నాయని. కార్డు అడుగున, చోటు చాలక అక్షరాలు చిన్నవి చేసి, "పెద్దనాయన సోమవారం పొద్దున పోయినాడు, సెలవు దొరికితే పెద్ద దినానికి రా" అని ఉంది.

చదివినప్పుడు ఏడుపు రాలేదు. కార్డు తిరగేసి చూసినాను. వెనక పక్క నా పేరు, హాస్టలు చిరునామా తప్ప ఏమీ లేదు. ఏది చేతికొచ్చినా తిరగేసి చూసే అలవాటు నాకు పెద్దనాయన వల్ల వచ్చిందే.

ఆయన మా నాయనకు అన్న. బుటా చీరలు నేసేవాడు. మా ఇంట్లో బుటా చీరను తిరగేసి నేస్తారు. మంచి పక్క నేలవైపు ఉంటుంది. ముడులూ తేలిన పోగులూ ఉన్న వెనక పక్క నేసేవాడి ముఖానికి ఉంటుంది. పది పన్నెండు దినాలు అట్ల నేసి, చీరను మగ్గం మీద నుంచి కోసి తిప్పినప్పుడే పువ్వు ఎట్ల పడిందో కనబడేది. అప్పుడు ఇంటిల్లిపాదీ చుట్టూ చేరేవాళ్ళం. ఆయన మాత్రం ఆగేవాడు కాదు. "మీరు చూడండి, నేను చూసిందే" అని కాళ్ళు కడుక్కోవడానికి పోయేవాడు. నలభై ఏండ్లు వెనక పక్క చూస్తూ బతికిన మనిషి. సీతాకోకచిలుకల్ని కూడా అట్లనే చూసినాడు.

ఎండాకాలం మధ్యాహ్నాలు మా దిక్కు మగ్గాలు ఆపేస్తారు. వేడిగాలికి పడుగు పోగులు పెళుసెక్కి తెగిపోతాయి. పొద్దు కాస్త వంగగానే పెద్దనాయన తలకు తువ్వాల చుట్టుకుని పెన్నేటికి బయలుదేరేవాడు. నేను వెనక. ఏరు అప్పటికి ఒట్టి ఇసక. ఆడవాళ్ళు చెలమలు తోడి, గంటెతో ముంచుకుని కడవలు నింపుకునేవాళ్ళు. వాళ్ళకు కాస్త దూరంగా పెద్దనాయన తనకొక గుంత తవ్వుకునేవాడు. నీళ్ళ కోసం కాదు. మగ్గం గుంతలో కాళ్ళు వేలాడేసి కూర్చుని కూర్చుని ఆయన మోకాళ్ళు నేలమీద ముడుచుకునేవి కావు. ఇసకలో మోకాటి లోతు తవ్వి, అందులో కాళ్ళు దించి, గట్టుమీద కూర్చుంటేనే ఆయనకు కూర్చున్నట్లుండేది.

చెలమ దగ్గర ఒకామె ఎప్పుడూ ఆయన్ను పలకరించేది.

"ఏం మామా, ఏట్లో కూడా మగ్గం పెట్టినావే."

"పెట్టినా. నూలు తెచ్చియ్యి, నీకొక రైక నేస్తా."

"నీ రైక ఎవరికి కావాల. రెండు ముంతలు ఇసక తవ్వి పెట్టు, పుణ్యముంటాది."

"ఇసక తవ్వేదానికి మీ ఆయన లేడా?"

"ఆయన తవ్వితే నీళ్ళు కూడా పరిగెత్తి పోతాయి మామా," అని నవ్వుకుంటూ కడవ ఎత్తుకుని పోయేది.

కాసేపటికి ఆయన గుంతలో నీళ్ళు ఊరేవి. తవ్విపోసిన తడి ఇసక మీదికి సీతాకోకచిలుకలు ఒకటొకటిగా వచ్చి వాలేవి. పసుపువి, తెల్లవి, గోరంత నీలివి. వాలగానే రెక్కలు మూసేవి. ఊళ్ళో పిల్లలకు ఎగిరేటప్పటి రంగులు తెలుసు. పెద్దనాయనకు మూసిన రెక్క అడుగున ఉండే మాసిన రంగులు తెలుసు. వాటికి ఆయన పెట్టుకున్న పేర్లన్నీ బట్టల పేర్లే. తెల్ల రెక్క మీద నల్ల ఈనెలు గళ్ళుగళ్ళుగా ఉండేది గళ్ళ తువ్వాల. తంగేడు పొదల్లో తిరిగే పసుపుది తంగేడు చాయ. గన్నేరు ఆకుల కింద వేలాడే నల్లది బొగ్గంచు. గోరంత నీలిది పొడి బుటా. సందె వేళ పూల ముందర నిలబడి గాల్లోనే తేనె తాగి, కన్ను మూసి తెరిచేలోపల ఇంకో పువ్వు దగ్గర ఉండే లావుపాటి పురుగు నాడె పురుగు. మగ్గంలో పేక పోగును అటూ ఇటూ మోసుకుపోయే నాడె కూడా అట్లనే పోతుంది.

ఒక్కదాన్ని కూడా ఆయన పట్టుకోగా నేను చూడలేదు. చచ్చి పడి ఉన్నది దొరికితే మాత్రం రెక్కను వేళ్ళ మధ్య పెట్టి నలిపి చూసేవాడు. "నూరో నంబరు నూలు," అనేవాడు. "మన ఇంట్లో ఇంత సన్నంది ఎవరూ నేయలేదు." వేలికంటిన పొడిని చూసి, "రంగు గట్టిది కాదు. ఒక్క ఉతుక్కు పోతాది," అని తుడుచుకునేవాడు.

నేను ఇంటికి వచ్చి అన్నీ రాసుకునేదాన్ని. మనుషులతో మాట్లాడడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. ఇంటికి ఎవరైనా వస్తే కొట్టం వెనక్కు పోయేదాన్ని. మాట్లాడనివన్నీ నోటు పుస్తకంలోకి పోయేవి. నేను రాస్తానని పెద్దనాయనకు తెలుసు. "రాసి పెట్టు పాపా, నేను మరిచిపోతే నువ్వు చెప్దువు," అనేవాడు. పెండ్లి మాట వచ్చినప్పుడల్లా నాయనతో "చదవనీప్పా, దానికి అదొకటే వచ్చు," అన్నది కూడా ఆయనే.

మా బడిలో డ్రాయింగు టీచరమ్మ ఒకసారి నాకు సీతాకోకచిలుకల బొమ్మల పుస్తకం ఇచ్చింది. వారం దినాల్లో తెచ్చియ్యమంది. నేను దాన్ని పెద్దనాయన ముందర పెట్టి, ఇందులో మనవి ఏవో చెప్పమన్నాను. ఆయన చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. అన్నీ రెక్కలు పరిచిన బొమ్మలు. ఒకటి చూసినాడు, రెండోది చూసినాడు. తర్వాత కాగితం తిప్పినాడు. ఆ వెనక ఇంగ్లీషు అక్షరాలున్నాయి. మళ్ళీ ఇటు తిప్పినాడు.

"దీని వెనక పక్క యాడ?"

"వెనక పక్క వెయ్యరు పెద్దనాయనా. బొమ్మ గదా."

"వెయ్యకుంటే ఏదో ఎట్ల చెప్పేది?" అన్నాడు. ఆయనకు నిజంగానే అర్థం కాలేదు. "ఇది అంగట్లో పరిచిన చీర. కొనేవాళ్ళు చూసేది. నేసినోడు చూసేది ఇది కాదు."

పుస్తకంలో ఒక్కదాన్ని కూడా ఆయన గుర్తుపట్టలేకపోయినాడు. నేను పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు టీచరమ్మ ఎన్ని కనుక్కున్నావని అడిగింది. పుస్తకం ఆమె బల్ల మీద పెట్టి వచ్చేసినాను.

ఆయన నేర్పినవాటిలో కష్టమైనది జిల్లేటి చీర. నారింజ రంగు, నల్ల అంచు, మూలన తెల్ల చుక్కలు. జిల్లేడు ఆకు తిని పెరుగుతుంది. ఒళ్ళంతా చేదు కాబట్టి పిట్టలు ముట్టవు. అదే రంగు, అదే అంచుతో ఇంకొకటుంది. అది జిల్లేడు జోలికి పోదు. తడిలో మొలిచే గంగపాయల కూర మొక్కల చుట్టూ తిరుగుతుంది. చేదేమీ లేకుండానే చేదుదాని చీర కట్టుకుని, పిట్టల్ని మోసం చేస్తుంది. దానికి ఆయన దొంగ చీర అని పేరు పెట్టినాడు. రెండూ ఒకే తీరుగా, తొందర లేకుండా ఎగురుతాయి. రెక్కలు మూసినప్పుడు వెనక రెక్క నడుమ నల్ల చుక్కలు చూడాలి. మూడో నాలుగో ఉంటే అసలుది. పై అంచున ఒకటే ఉంటే దొంగది.

"మిల్లోళ్ళు మన అంచు చూసి అచ్చు వేస్తారే, అట్ల," అన్నాను నేను.

"అట్ల కాదు పాపా. వాళ్ళకు బతుకుదెరువు శానా ఉండాది. దీనికి ఇదొక్కటే," అన్నాడు.

యుద్ధం మొదలైన తర్వాత రెండో ఎండాకాలమో మూడోదో. ఆ ఏడు ఆయన కొత్త మాట ఒకటి పట్టుకున్నాడు. రెక్కలు చూడనే పనిలేదు, ఎగిరే తీరు చూస్తే చాలు అనేవాడు. "నడక చూసి మనిషిని పట్టలేమా," అనేవాడు. నాకు అది గొప్ప సంగతిగా తోచి పుస్తకంలో ఒక పేజీ నిండా రాసుకున్నాను.

ఒకనాడు గుంత గట్టున, ఆయన మోకాటికి జానెడు దూరంలో, నారింజ రంగుది వచ్చి వాలి రెక్కలు మూసింది.

"జిల్లేటి చీర," అన్నాడు.

పై అంచున ఒకే ఒక చుక్క ఉంది. ఆయన పరాకుగా అన్నాడేమో అనుకున్నాను.

"చుక్కలెన్ని పెద్దనాయనా?"

ఆయన ముందుకు వంగినాడు. తల కొంచెం పక్కకు తిప్పి చూసినాడు. "మూడు," అన్నాడు.

అది ఎగిరి, పక్కనున్న గంగపాయల మీద వాలింది. ఆయనకు నా ఊరుకోవడం అర్థమైనట్లుంది. "ఎన్నుండె పాపా?" అని అడిగినాడు.

"ఒకటి."

గుంతలో నీళ్ళను పాదంతో కదిలించినాడు. "పోయిన వానాకాలం నుంచి. నడిమధ్య పొగ మాదిరి ఉండాది. పక్కలు కనపడతాయి. చూడాలనుకున్న చోటే కనపడదు."

"నాయనకు చెప్పి ఆస్పత్రికి..."

"మీ నాయనకు చెప్తే నన్ను మగ్గం దించుతాడు," అన్నాడు. ఆ మాటకు ఆయన గొంతు మారలేదు. "దించి ఆడోళ్ళలో కూచోబెడతాడు, కండెలు చుట్టుకోమని. అంచు నా చేతికి తెలుసు. బుటా ఎన్ని పోగులో చేతికి తెలుసు. రంగు ఒక్కటే తెలీదు. రంగు నువ్వు చెప్పు పాపా. అంతే."

సరేనన్నాను. అప్పటి నుంచి రోజూ పొద్దున, నూలు చుట్టిన కండెలను బుట్టలో నేనే సర్ది ఆయన కుడి చేతి పక్కన పెట్టేదాన్ని. ఎర్రవి ముందర, పచ్చవి నడుమ, నల్లవి వెనక. ఏదైనా మారితే ఆ పక్కగా పోతూ ఒక్క మాట చెప్పేదాన్ని. ఆయన నా వైపు చెవి పెట్టుకుని ఉండేవాడు. ఏడాది నడిచింది. ఒక్క బుటా తప్పలేదు. చీర కోసి తిరగేసినప్పుడు అందరూ చూసేవాళ్ళు. ఆయన ఎప్పటిలాగే కాళ్ళు కడుక్కోవడానికి పోయేవాడు. ఎవరికీ అనుమానం రాలేదు.

నేను ఎవరితోనూ అనలేదు. కాని రాసుకున్నాను. ఒక చుక్కను మూడన్నాడని, పొగ మాదిరి అన్నాడని, కండెల బుట్ట సంగతి, అన్నీ. ఎవరితోనూ చెప్పలేని సంగతి ఒకటి చేతిలో ఉంటే దాన్ని కాగితం మీద పెట్టకుండా నాకు నిద్ర పట్టేది కాదు.

ఆ రోజుల్లో కాగితం కూడా దొరికేది కాదు. నాయనకు నూలు డిపోకు అర్జీ రాయాల్సి వచ్చింది. నేను బడికి పోయిన వేళ నా పుస్తకంలో తెల్ల కాగితం ఉంటుందని తీసినాడు. తెల్ల కాగితం వెతుక్కుంటూ రాసిన కాగితాలు చదివినాడు.

ఆ సాయంత్రం నన్నేమీ అనలేదు. పుస్తకం ఉన్నచోటే ఉంది. చివర రెండు కాగితాలు చింపిన గుర్తు మాత్రం ఉంది. దాంతో నాకు తెలిసిపోయింది. పెద్దనాయనకు చెప్పాలనుకున్నాను. చెప్పాలంటే రాసినానని చెప్పాలి. తెల్లారి చెప్దాములే అనుకున్నాను.

తెల్లారి కండెల బుట్ట తీసుకుని పోయేసరికి నాయన అక్కడ నిలబడి ఉన్నాడు. పెద్దనాయన గుంతలో కూర్చుని నాడె ఆడిస్తున్నాడు.

"అన్నా, నీ పక్క గోడ మీద ఏదో పెద్ద పురుగు వాలిండాది. ఏందది?"

గోడ మీద ఏమీ లేదు.

పెద్దనాయన చెయ్యి ఆగింది. గోడ వైపు తిరిగినాడు. తల పక్కకు పెట్టి చూసినాడు. తర్వాత, చాలా కొద్దిగా, నేను నిలబడిన వైపు ముఖం తిప్పినాడు. రంగు మారినప్పుడు నా మాట కోసం ఎట్ల తిప్పేవాడో అట్ల. నాయన కూడా నన్నే చూస్తున్నాడు. ఒక్క మాట చాలు. "ఏం లేదు నాయనా" అంటే చాలు. నోరు తెరవలేకపోయినాను.

పెద్దనాయన మళ్ళీ గోడ వైపు తిరిగినాడు.

"కండ్ల దుప్పటి," అన్నాడు. రెక్కల మీద గుండ్రటి కండ్లున్న పెద్ద గోధుమరంగు పురుగుకు ఆయన పెట్టిన పేరు అది. "ఎండకు ఓర్చుకోలేక లోపలికి వచ్చింటాది. దాన్ని తోలొద్దప్పా. పొద్దు మునిగితే అదే పోతాది."

"సరేన్నా," అని నాయన గోడ దగ్గరికి పోయి, అరచేత్తో గోడ పొడవునా ఒకసారి రాసినాడు. సున్నపు గోడ మీద చెయ్యి రాసుకుపోయే చప్పుడు ఆ మూల నుంచి ఈ మూల దాకా వినబడింది.

పెద్దనాయన నాడె కింద పెట్టినాడు.

"ఇప్పటిదాకా ఒక్క చీర తప్పలేదు గదప్పా," అన్నాడు.

"తప్పలేదన్నా. తప్పినాక ఆ నూలు నాకెవరిస్తారు? ఆర్నెల్లకొకసారి కూడా సన్ననూలు ఇస్తాండ్లేదు. ఒక పడుగు చెడితే ఇంటికి ఆ ఏడంతా ఏముంటాది, నువ్వే చెప్పు." నాయన చేతికంటిన సున్నాన్ని పంచెకు తుడుచుకున్నాడు. "నీ మీద కోపంతో కాదన్నా."

"సరే," అన్నాడు పెద్దనాయన. గుంతలో నుంచి లేవడానికి చేతులు ఆనించుకుంటుంటే నాయన రెక్క పట్టుకోబోయినాడు. ఆయన పట్టనియ్యలేదు. లేచి, పడుగు మీద ఒకసారి చెయ్యి పెట్టి తీసి, వసారాలోకి పోయినాడు.

తర్వాత ఆయన వసారాలో రాట్నం ముందర కూర్చుని కండెలు చుట్టినాడు. అక్కడ గుంత లేదు. కాళ్ళు చాపుకుని, ఒక దిండు వీపుకు పెట్టుకుని కూర్చునేవాడు. నేను ఎండాకాలం సెలవుల్లో చెయ్యి పట్టుకుని ఏటికి తీసుకుపోయేదాన్ని. వచ్చేవాడు, గుంత నేను తవ్వేదాన్ని. తడి మీద ఏదైనా వాలితే దాన్ని చూసి వివరంగా చెప్పేదాన్ని. "పెద్దనాయనా, రెక్క అడుగున ఇటికె రంగు, అంచుకు సన్నటి నల్ల పోగు, మూలన ఒక తెల్ల పొడి. ఏందిది?"

"తెల్దు పాపా."

"నువ్వు చూసిందే అయింటాది."

"ఏమో పాపా. నాకేం గుర్తుండాది."

మొదట్లో మరిచిపోయినాడనుకున్నాను. కండ్లతో పాటు పేర్లు కూడా పోయినాయేమో అనుకున్నాను. నాలుగైదుసార్లు అడిగి మానుకున్నాను. నా పుస్తకంలో ఆ ఎండాకాలం తర్వాత సీతాకోకచిలుకల సంగతి లేదు. నా పుస్తకం వల్లనే ఇదంతా అయిందని ఆయనకు చెప్పాలని ఎన్నిసార్లో అనుకున్నాను. చెయ్యి పట్టుకుని ఏటి నుంచి ఇంటిదాకా నడిచేటప్పుడు నోటిదాకా వచ్చేది. ఆయనకు తెలియదు కదా, తెలియకుండానే ఉండనీ అనుకుని ఊరుకునేదాన్ని. తర్వాత కడపకు వచ్చేసినాను.

పెద్ద దినానికి ఒక పూట ముందు, పెట్రోలు దొరకక బొగ్గుతో నడుపుతున్న బస్సులో ఊరు చేరినాను. వసారాలో రాట్నం గోడకు ఆనించి ఉంది. మధ్యాహ్నం అమ్మ పెరట్లో తొట్టి పక్కన కూర్చుని చాటలో కందిపప్పు ఏరుతోంది. నేను పక్కన కూర్చున్నాను. తొట్టి కింద తడిసిన మట్టి మీద ఒకటి వచ్చి వాలి రెక్కలు మూసింది. అడుగున ఇటికె రంగు, అంచుకు సన్నటి నల్ల పోగు.

అమ్మ తలెత్తి చూసి, "కావి పంచె," అంది. మళ్ళీ పప్పులో చెయ్యి పెట్టింది.

"ఏందమ్మా?"

"అదే, ఆ వాలింది. కావి పంచె. మీ పెద్దనాయన పెట్టిన పేరు."

నాకు అర్థం కాలేదు. అమ్మ ఆయనకు మరదలి వరస. బావ ఎదుట నిలబడి అమ్మ మాట్లాడడం నేను పుట్టి ఎరగను. అన్నం పెట్టేటప్పుడు కూడా గిన్నె ముందర పెట్టి తలుపు చాటుకు పోయేది.

"నీకెప్పుడు చెప్పినాడు?"

"రోజూ చెప్తాండె. ఆయన వసారాలో, నేను తలుపు వెనక. ఏమొచ్చింది, రెక్క అడుగున ఎట్లుండాది అని అడుగుతాండె. నాకు తెలిసినట్ల నేను చెప్తాంటి. ఆయన పేరు చెప్తాండె. రెండేండ్లయింది."

"నాకు తెల్దన్నాడే అమ్మా. ఇదే అడిగినాను. ఇదే."

అమ్మ చాట కింద పెట్టింది.

"మీ నాయన ఆ దినమే చెప్పినాడు ఆయనకు, నీ పుస్తకంలో చదివినానని."

"ఏమన్నాడు?"

"పాపను ఏమీ అనొద్దన్నాడు. బడి మానిపియ్యొద్దన్నాడు. అంతే." అమ్మ ఒక రాయి ఏరి పక్కకు వేసింది. "నేనే ఒకసారి అడిగినా, అది అంత ఆశగా అడుగుతాంటే చెప్పవేమని. దానికి చెప్తే పుస్తకంలోకి పోతాది, నీకైతే చెప్పొచ్చు అన్నాడు."

తొట్టి కింద ఉన్నది అట్లనే ఉంది. రెక్కలు కదిలించడం లేదు.

"శానా చెప్పినాడు," అంది అమ్మ. "నువ్వు చూసినవి కాదు, వేరేవి. ముప్పయ్యో, ముప్పయ్యైదో ఉంటాయి. చెప్దునా?"

"వద్దులేమ్మా," అన్నాను.

అమ్మ సరేనని చాట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. ఆ పేర్లు ఇప్పుడు అమ్మ దగ్గర ఉన్నాయి. అమ్మకు రాయడం రాదు.